ఒక్క రంగు పెట్టె

టవర్, వెర్మిలియన్ సరస్సు
డిసెంబరు, 1994

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు ఆ దీవిలో లాడ్జి కాపలాకి వెళ్లి నెల దాటింది. ఫోను లేని చోటు వెతుక్కుని మరీ వెళ్లావు. చెల్లెలి నస తప్పించుకోవడానికేనని నాకు తెలుసు. నసని ఉత్తరంలో కూడా పంపొచ్చన్న సంగతి మరిచిపోయావు.

ఇక్కడ సరస్సు గట్టిగా గడ్డకట్టింది. వెండెల్ మొన్న ఆదివారం చేపలు పట్టే గుడిసెని మంచు మీదికి లాక్కెళ్లి నిలబెట్టాడు. పెళ్లయ్యాక మాకిదే మొదటి చలికాలం కదా, ఆయన హుషారు చెప్పనలవి కాదు. లోపల పొయ్యి, రెండు బల్లలు, టీ కెటిల్ పెట్టడానికో అర. నీల్స్ కోసం చిన్న బల్ల ఒకటి ప్రత్యేకంగా చేయించాడు. వాడు దాని మీద కూర్చుని "బాగుంది వెండెల్" అన్నాడు. వాడికి ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా ఆయన్ని నాన్నా అనకుండా పేరు పెట్టే పిలుస్తాడు. పిలవనీ, నాకేం తొందర లేదు. తొందరంతా ఆయనకే.

అసలు సంగతికొస్తాను. వాళ్ల నాన్న వెళ్లిపోయినప్పటి నుంచీ నీల్స్‌ని చేపలకి తీసుకెళ్లింది నువ్వే. నీ దగ్గరున్నది ఒకటే ఫ్లాషర్, మంచు కింద చేప ఉందో లేదో వెలుగు గీతల్లో చూపించే ఆ డొక్కు పెట్టె. ఇద్దరూ తలలు ఆనించుకుని దాన్నే చూసేవాళ్లు. ఇప్పుడు వెండెల్ దగ్గర మూడు రంగుల కొత్త ఫ్లాషర్ ఉంది. "వాడికీ ఒకటి కొందాం. మంచులో తన బొక్క, తన గాలం, తన పెట్టె ఉంటే పిల్లాడికి మనసు నిలుస్తుంది" అంటున్నాడు. వాడితో మాటలు కలిపే దారి దొరక్క ఈ దారి పట్టాడు పాపం. ఏది కొనాలో నువ్వు చెప్పు. నీ మాటైతే వాడు వింటాడు.

అన్నట్టు, నేనల్లిన చేతి తొడుగులు ఇంకా వేసుకుంటున్నావా? ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. నిన్ను ఉడికిద్దామని కావాలనే అల్లాను. ఇన్ని చలికాలాలు ఆ జంటతోనే ఊరంతా తిరిగావు గానీ ఒక్క మాట అనలేదు. నీతో వేగడం కన్నా గోడతో వేగడం నయం.

నీ చెల్లి,
ఐలీ

---

ఓక్ ఐలాండ్
డిసెంబరు

చెల్లీ,

నీ ఉత్తరం, దానితో పంపిన యాలకుల రొట్టె రెండూ అందాయి. టపా తెచ్చే ముసలాయన దారిలో రొట్టె చివర కొరికినట్టున్నాడు. మంచు మీద అంత దూరం వచ్చాడు కదా అని ఊరుకున్నాను.

తొడుగులు వెచ్చగా ఉన్నాయి. తొడుగుకి అంతకన్నా ఏం కావాలి?

ఫ్లాషర్ విషయం. బావగారి మూడు రంగుల పెట్టె నేనూ చూశాను. క్రిస్మస్ చెట్టుని నీళ్లలో ముంచినట్టుంటుంది. చేప కింద ఉందా లేదా చెప్పడానికి అంత అలంకారం దేనికి? నా డొక్కు పెట్టెలో ఒక్కటే రంగు. గీత సన్నగా ఉంటే నీ ఎర. దాని పక్కనే ఇంకో గీత లేచి లావెక్కుతుంటే చేప. వాడికి అది అలవాటే. అలాంటిది పాతది ఎక్కడైనా దొరికితే కొనండి, డబ్బూ కలిసొస్తుంది.

బావగారు వినరనుకో. కొత్త అల్లుడు కొత్త సరుకే కొంటాడు. ఆయనిష్టం. నా మాటగా మాత్రం చెప్పొద్దు, ముసలి పీనాసి అంటాడు.

ఇక్కడ చేపలు బాగా పడుతున్నాయి. మనుషులే తక్కువ. నాకదే హాయి.

రేనో

---

టవర్
జనవరి, 1995

అన్నయ్యా,

నువ్వన్నట్టే ఆయన వినలేదు. ఇద్దరికీ ఒకే రకం ఉంటే నేర్పడం తేలికని, తన స్నేహితుడి దగ్గర అలాంటి మూడు రంగులదే ఒకటి అరువు తెచ్చాడు. "ముందు దీంతో నేర్చుకోనీ, తర్వాత కొత్తది కొందాం" అన్నాడు. మొదటి రోజు నేనూ వెళ్లాను. ఆయన పాఠం చెప్పిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది.

"ఇదుగోరా, ఈ సన్నటి ఆకుపచ్చది నీ ఎర. అట్టడుగున వెడల్పాటి ఎరుపుంది చూడు, అది సరస్సు నేల. ఈ రెండింటికీ మధ్యలో ఇంకో ఎరుపు లేచిందంటే చేప వచ్చినట్టే. అప్పుడు మెల్లగా పైకెత్తాలి. సరేనా?"

"లావెక్కితే చేప కదా?" అన్నాడు నీల్స్.

"అదంతా పాతకాలం. లావూ సన్నం చూడకు. రంగు చూడు, రంగు!"

వాడు చూశాడు. కళ్లార్పకుండా చూశాడు. కాసేపటికి "చేప! చేప!" అని గాలం ఎత్తాడు. ఏమీ లేదు. మళ్లీ "చేప!" అదీ లేదు. వాడి ఎరని చూసి వాడే చేప అంటున్నాడు. తర్వాత నిజంగానే చేప వచ్చింది. వెండెల్ పక్క నుంచి "ఎత్తరా, ఎత్తు, ఎర్రగా కనబడుతోందిగా!" అని అరుస్తుంటే వీడు బొమ్మలా కూర్చున్నాడు. చేప వెళ్లిపోయింది.

"పెట్టె బాగాలేదు" అన్నాడు నీల్స్.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు!" అని వెండెల్ నవ్వాడు. కడుపులో ఏమీ లేని నవ్వే, అన్నయ్యా. కానీ నీల్స్ మొహం ఎర్రబడింది.

తర్వాత ఆయన చాలా ఆలోచించాడు. పక్కపక్కన రెండు ఫ్లాషర్లు పెడితే ఒకటి నీళ్లలోకి పంపే చప్పుడు ఇంకోదానికి తగిలి దొంగ గీతలు వస్తాయి కదా, తప్పు అక్కడే ఉందని తేల్చాడు. మంచు తొలిచే బర్మా తీసుకెళ్లి దూరంగా ఇంకో బొక్క కొట్టి, నీల్స్‌ని అక్కడ కూర్చోబెట్టాడు. గుడిసె లేదు, పొయ్యి లేదు. ఆ తెల్లటి మైదానంలో బకెట్ మీద ఒక్కడే కూర్చున్నాడు నా కొడుకు. మంచి కోసమే చేశాడు. బయట నిలబెట్టి శిక్ష వేసినట్టు ఉంటుందని ఆయనకి తోచలేదు, నేనూ చెప్పలేకపోయాను. అక్కడా అదే తంతు. ఒక్క చేప పడలేదు.

ఇప్పుడు శనివారం వస్తే చాలు, వాడికి కడుపునొప్పి.

ఐలీ

---

ఓక్ ఐలాండ్
జనవరి

చెల్లీ,

ఒక మాట అడుగుతాను, ఎందుకని అడక్కు. వేసవిలో నీల్స్ అడవి స్ట్రాబెర్రీలు ఏరడానికి వెళ్తే ఎలాంటివి తెస్తాడు?

వాడిని బలవంతంగా మంచు మీదికి పంపకు. పాత పెట్టె సంగతి ఇంకోసారి ఆలోచించండి.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. ఇంకేం రాయాలో తోచడం లేదు.

రేనో

---

టవర్
ఫిబ్రవరి

అన్నయ్యా,

నేనిక్కడ ఇల్లు కూలిపోతోందని రాస్తే నువ్వు స్ట్రాబెర్రీల గురించి అడుగుతావా? దీవిలో ఒక్కడివే ఉండి బుర్ర గడ్డకట్టిందా?

అడిగావు కాబట్టి చెప్తాను. సగం పచ్చికాయలే తెస్తాడు. నొక్కి చూసి ఏరతాడు. నొక్కి నొక్కి మంచివి పాడుచేస్తావని ఎన్నిసార్లు తిట్టానో. చాలా? ఇప్పుడు నా గోడు విను.

అరువు పెట్టె వల్లే ఈ గొడవంతా అనుకుని వెండెల్ నిన్న మమ్మల్ని చేపల సామాన్ల కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టాయన వెనకాల సరస్సు మీద బొక్కలు కొట్టి ఉంచాడు, కొనేవాళ్లు పెట్టెలు వేసి చూసుకోవడానికి. వెండెల్ అన్నిటికన్నా మంచిది తీయించాడు. మూడు రంగులూ మిలమిల మెరుస్తున్నాయి. గనిలో నెలంతా రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టిన డబ్బు జేబులో ఉంది. "ఎలా ఉందిరా?" అన్నాడు మురిసిపోతూ.

నీల్స్ దాన్ని చూడనే లేదు. నేరుగా లోపలికెళ్లి, మూలన దుమ్ము పట్టి ఉన్న ఒక పాత పెట్టె ఎత్తుకొచ్చాడు. అచ్చం నీ పెట్టె లాంటిదే. "నాకిది చాలు" అన్నాడు.

కొట్టాయన నవ్వాడు. "అది పడకకుర్చీ కింద ఎత్తుకి పెట్టుకుందామని ఉంచాను బాబూ!"

వెండెల్ నవ్వలేదు. డబ్బు జేబులోనే ఉంచుకుని మమ్మల్ని ఇంటికి బయల్దేరదీశాడు. వచ్చాక నాతో అన్నాడు. "నేను చెడ్డవాణ్ని కాదు ఐలీ. కానీ ఎర్రగా మెరుస్తున్నదాన్ని చూస్తూ, నా కళ్లలోకి చూసి, కనబడలేదంటాడు. ఎర లేచినప్పుడల్లా చేపంటాడు. ఏ పిల్లాడైనా అంత తప్పు చేస్తాడా? కావాలనే చేస్తున్నాడు. నేను కొనేది వద్దు, నేను నేర్పేది వద్దు, మావయ్య పెట్టె లాంటిదే కావాలి. నేనే వద్దని వాడు చెప్పే పద్ధతి అది. ఇక వాణ్ని తీసుకెళ్లను."

నీల్స్ గది తలుపు తీసే ఉంది. విన్నాడు. పొద్దున్నే నన్నడిగాడు, "అమ్మా, నేను మావయ్య దగ్గరికి వెళ్లిపోనా? అప్పుడు నువ్వూ వెండెల్ బాగుంటారు."

నాకు భయంగా ఉంది అన్నయ్యా. ఈ పెళ్లి నిలవాలని నాకెంత ఉందో నీకు తెలుసు. కానీ వాడు లేని ఇల్లు నాకొద్దు. ఏదో ఒకటి చెప్పు. స్ట్రాబెర్రీలు కాదు.

ఐలీ

---

ఓక్ ఐలాండ్
ఫిబ్రవరి

వెండెల్ బావగారికి,

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఐలీకి రాయాల్సింది మీకెందుకు రాస్తున్నానంటే, ఇది మగాడు మగాడితో చెప్పాల్సిన మాట. పైగా ముందు ఐలీకి చెబితే నన్ను కొడుతుంది.

నీల్స్ అబద్ధం ఆడలేదు. వాడికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని నా నమ్మకం. ఎందుకంటే నాకూ అంతే.

పంతొమ్మిదేళ్లప్పుడు ఖనిజం మోసే రైళ్లలో పనికి వెళ్లాను. ఒళ్లంతా పరీక్ష చేసి, చివర్లో డాక్టరు చిన్న దీపాలు చూపించి ఏది ఏ రంగో చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూసి పంపేశాడు. ఎర్రదీపం తెలియనివాడికి రైలెవడిస్తాడు? ఇంటికొచ్చి మా నాన్నతో "పని నచ్చలేదు" అన్నాను. ఆయన పోయేదాకా నన్ను పనిదొంగ అనే పిలిచాడు. గుడ్డోడా అనిపించుకోవడం కన్నా అదే నయమనిపించింది. అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. మూడు రంగుల పెట్టెని వెక్కిరించింది కూడా అందుకే. ఐలీ అల్లిన తొడుగులు రెండూ ఒకే రంగని మొన్న ఆమె రాసేదాకా అనుకున్నాను. ఊళ్లో జనం నన్ను చూసి నవ్వుతుంటే నా మొహమే అంత అనుకునేవాణ్ని.

ఆ డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది జబ్బు కాదు, ముదరదు, చూపు పోదు. తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది, నీ అక్కచెల్లెళ్ల కొడుకులకీ రావచ్చు అని. ఐలీకి అప్పటికి పాలపళ్లు కూడా ఊడలేదు. ఆ మాట ఎక్కడో పారేసుకున్నాను. మీ మొదటి రోజు సంగతి ఐలీ రాసినప్పుడు మళ్లీ దొరికింది. స్ట్రాబెర్రీల ఉత్తరం రాగానే ఖాయమైంది.

ఒకటి గమనించండి. మీ పెట్టెలోనూ చేప వస్తే గీత లావెక్కుతుంది. వాడు దాన్నే చూసేవాడు. మీరు లావు చూడొద్దు, రంగు చూడమన్నారు. పెద్దాయన చెప్పాడు కదా అని వాడు తన కంటికి లేని రంగు కోసం వెతుకుతున్నాడు. మీ మాట వినకపోవడం కాదు బావగారూ, మరీ విన్నాడు.

మీరు గనిలో కరెంటు పనివారు. రంగు తీగలు మీ చేతిలోనే ఉంటాయి. వాడికి చూపించి చూడండి. నా పెట్టె కూడా టపాలో పంపుతున్నాను. నాకు ఫ్లాషర్ లేకపోతే ఏం, నోటితో గొప్పలు చెప్పుకుంటే సరిపోతుంది. ఇక్కడ కాదనేవాడు లేడు.

రేనో

---

టవర్
ఫిబ్రవరి

రేనో బావగారికి,

మీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర నిలబడి చదివాను. తర్వాత కూర్చుని మళ్లీ చదివాను.

సామాన్ల సంచిలోంచి తీగ ముక్కలు తీసి బల్ల మీద పోశాను. ఎరుపువీ ఆకుపచ్చవీ మాత్రమే. నీల్స్‌ని పిలిచి "ఇవి ఒక పక్కా అవి ఒక పక్కా పెట్టగలవా?" అన్నాను. వాడు తీగల్ని చూడలేదు, నా మొహం చూశాడు.

"మళ్లీ నవ్వుతావా?" అన్నాడు.

నవ్వనన్నాను. వాడు మొదలుపెట్టాడు. ఒక్కో ముక్కా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో తిప్పి తిప్పి చూసి, తెచ్చి పెట్టాడు. అంత జాగ్రత్తగా పని చేసే కుర్రాణ్ని మా గనిలో కూడా నేను చూడలేదు. అంతా అయ్యాక రెండు కుప్పల్లోనూ రెండు రంగులూ ఉన్నాయి. "సరిగ్గా పెట్టానా?" అన్నాడు.  ఐలీ పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

చెప్పాను. నీ కళ్లు రంగుల్ని వేరేగా చూస్తాయి, మావయ్యవీ అంతే, నువ్వు అబద్ధమాడావనుకోవడం నా తప్పు, ఆడలేక మద్దెల ఓడన్నది నేనే అని. వాడు "అయితే పెట్టె నిజంగానే బాగాలేదు" అన్నాడు. ఒప్పుకున్నాను.

కళ్ల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాం. మీరు చెప్పిందే చెప్పాడు. చూపు పదును మాత్రం నాకన్నా వాడిదే మెరుగట.

అక్కణ్ణుంచి నేరుగా మళ్లీ కొట్టుకి వెళ్లాం. "ఈసారి నువ్వే ఎంచు, నేను నోరు మూసుకుంటాను" అన్నాను. పాతవి మూడు దొరికాయి. వాడు మూడింటినీ వెనకాల బొక్కలో వేసి చూశాడు. ఒకదాంట్లో గీత సన్నబడటం లేదన్నాడు. ఇంకోదాన్ని ఎండకి తిప్పి, వెలుతురులో కనబడటం లేదన్నాడు. మూడోది మొన్న మూలన దొరికినదే, కొట్టాయన కుర్చీ కింద పెట్టుకుంటానన్నది. మళ్లీ దాన్నే పట్టుకున్నాడు. కొట్టాయన నవ్వబోయాడు. నేనాయన్ని చూశాను. నవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి మీ పెట్టె కూడా వచ్చి ఉంది. అది నేను వాడుకుంటాను, మీరు కాదనకపోతే. వాడికి కనబడేది నాకూ కనబడాలి.

మీకు రుణపడి ఉన్నాను. ఇలాంటి మాటలు నాకు చేతకావు.

వెండెల్

---

టవర్
మార్చి

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఆ తర్వాత నీ మీద కోపమొచ్చింది. ఇన్నేళ్లు నాకు చెప్పలేదు! పనిదొంగవని నాన్న అంటుంటే నేనూ నమ్మాను కదా. నువ్వు ఊళ్లో లేవు కాబట్టి బతికిపోయావు.

కానీ ఇప్పుడు గుండె తేలికపడింది. ఎంత తేలికపడిందో చెప్పాలంటే, నిన్న గిన్నెలు తోముతూ పాట పాడుతున్నానట. నీల్స్ వచ్చి "అమ్మా, ఏమైంది?" అని అడిగాడు. మా కిటికీలోంచి గుడిసె కనిపిస్తుంది తెలుసుగా. శనివారం దాని పొగగొట్టం చూస్తూ నిలబడ్డాను. ఇద్దరూ లోపలే ఉన్నారు. మంచు మీద బకెట్ లేదు, ఒంటరి పిల్లాడు లేడు. ఉన్నట్టుండి లోపల్నుంచి నవ్వులు వినబడ్డాయి, అంత దూరానికి కూడా. చేపలు పడ్డాయో లేదో నేను అడగలేదు.

పచ్చికాయలకి వాణ్ని తిట్టినందుకు ఈ వేసవిలో వాడికి ఎన్ని స్ట్రాబెర్రీలు కావాలంటే అన్ని నేనే ఏరిపెడతాను.

నీకు కొత్త తొడుగులు పంపుతున్నాను. ఒకటి నీలం, ఒకటి పసుపు. ఈ రెండూ నీ కంటికి వేరువేరుగానే కనబడతాయట, ఈసారి నువ్వు నన్ను తిట్టి తీరాలి. నీల్స్ కూడా ఉత్తరం రాశాడు, ఇందులోనే పెట్టాను. నన్ను చదవనివ్వలేదు.

ఐలీ

---

టవర్

మావయ్యా,

నువ్వు కూడా నాలాగే అని వెండెల్ చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదా. నేను తెలివి తక్కువవాణ్ని అనుకున్నాను.

నా పెట్టె బాగుంది. నీ పెట్టె వెండెల్‌కి ఇచ్చాం. ఆయనకి అసలు రాదు. గీత లావెక్కుతున్నా చూసుకోడు, ఎప్పుడూ రంగే వెతుక్కుంటాడు. "ఎత్తు ఎత్తు, చేప వచ్చింది" అని నేను అరిస్తే, అదెళ్లిపోయాక ఎత్తుతాడు. నేను "ఆడలేక మద్దెల ఓడా?" అన్నాను. అమ్మ అయితే తిట్టేది. ఆయన పొయ్యి మీద కెటిల్ ఒలికిపోయేంత నవ్వాడు.

ఇంకో సంగతి. రెండు పెట్టెలూ పక్కపక్కన పెడితే దొంగ గీతలు వస్తున్నాయి. అందుకని నేను బయట బొక్క దగ్గరికి వెళ్తానని బకెట్ తీసుకున్నాను. ఆయన వద్దన్నాడు. ఆయన పెట్టె ఆపేసి, తన బల్ల నా పక్కకి లాక్కున్నాడు. ఇప్పుడు నా పెట్టెలోనే చూస్తున్నాం. రెండు గాలాలూ దాంట్లో కనబడతాయి. ఆయన గాలం కింద ఏముందో కూడా నేనే చెప్తాను. మొన్న ఆయనకి పెద్ద వాలై చేప పడింది, నేను చెప్తేనే. నాకు పాములా ఉండే ఈల్‌పౌట్ చేప పడింది. అది చేతికి చుట్టుకుంది, ఛీ. అయినా పెద్దదే.

నిన్న పక్క గుడిసె ఆయన మంట కోసం అగ్గిపెట్టె అడగడానికి వచ్చాడు. నా పెట్టె చూసి, "ఈ పాత చెత్త ఎవరిదయ్యా వెండెల్, నీ దగ్గర కొత్తది ఉండాలి కదా?" అన్నాడు.

వెండెల్, "అది మావాడిది. నాకు చదవడం రాదు, వాడు చదివి చెప్తాడు" అన్నాడు.

మామూలుగా అన్నాడు మావయ్యా, అగ్గిపెట్టె ఇస్తూ. నేను పెట్టెలో చేప కోసం చూస్తున్నట్టు వంగి కూర్చున్నాను. అప్పుడు పెట్టెలో చేప లేదు.

నీల్స్